నడిగడ్డలో ఒక బుధవారం

అయిజ చుట్టుపక్కల మాంసం తినడానికి వారంలో ధైర్యంగా మిగిలేవి రెండే రోజులు. సోమవారం శివుడిది. ఊళ్లో తిక్క వీరేశ్వర స్వామి గుడి ఉండగా ఆ రోజు ముక్క ముట్టేవాళ్లు తక్కువ. మంగళవారం ఆంజనేయుడిది. కృష్ణ ఒడ్డున బీచుపల్లి స్వామికి మొక్కుకున్న ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. గురువారం తుంగభద్ర అవతల మంత్రాలయంలో ఉన్న రాఘవేంద్ర స్వామిది. శుక్రవారం అలంపురం జోగులాంబను తలుచుకునే ఇల్లాలు నీసును వంటింట్లోకి రానివ్వదు. శనివారం మల్దకల్ తిమ్మప్పది. ఇక మిగిలినవి ఆదివారం, బుధవారం. ఆదివారం ఇంటిది. చుట్టాలు, పిల్లలు, పొద్దున్నే కటిక కొట్టు ముందు వరుస, మధ్యాహ్నం నిద్ర. బుధవారం రాత్రి మాత్రం స్నేహితులది.

నేను అయిజకు వచ్చేది ఈ బుధవారాల కోసమే. ఈసారి శ్రావణం వెళ్లిపోయి, వినాయక నిమజ్జనాలు కూడా ముగిశాక బయలుదేరాను. శ్రావణమంతా నోరు కట్టుకున్నవాళ్లు అప్పటికి మంచి ఆకలి మీద ఉంటారు. కాచిగూడలో రైలెక్కితే వనపర్తి రోడ్డు స్టేషను దాటిన కాసేపటికి కృష్ణ మీది వంతెన వస్తుంది. అది దాటగానే నడిగడ్డ. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, పడమట కర్ణాటక. ఆ రెండు నదుల నడుమ నేలకు జనం పెట్టుకున్న పేరు అది. 2016 అక్టోబరు 11న పుట్టిన జోగులాంబ గద్వాల జిల్లా దాదాపు ఈ నేలే.

యాత్రికులు ఇక్కడ రెండు చోట్లు చూసి వెళ్లిపోతారు. గద్వాలలో సోమనాద్రి కట్టిన కోట చూసి, ఓ జరీ చీర కొని, అలంపురం వెళ్లి నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబను దర్శించుకుని హైదరాబాదు–కర్నూలు రహదారి ఎక్కేస్తారు. రెండూ చూడాల్సినవే. అయితే ఈ నేల మీద బతుకుతున్న మనుషులు ఏం పండిస్తున్నారో, ఏం తింటున్నారో, ఎవరితో కలిసి కూర్చుంటున్నారో ఆ దారిలో కనపడదు. అది తెలియాలంటే గద్వాలలో అయిజ బస్సు ఎక్కాలి.

బస్సు మల్దకల్ మీదుగా వెళ్తుంది. కిటికీలోంచి చూస్తే ముందు వరి పచ్చగా కనపడుతుంది. జూరాల నుంచి నీళ్లు ఎత్తిపోసే నెట్టెంపాడు పథకం వచ్చాక ఈ వైపు మడులు పెరిగాయి. అయిజ దగ్గరపడే కొద్దీ పత్తి. మామూలు పత్తి చేను కాదని తెలియనివాళ్లకు కూడా తెలుస్తుంది. ఎడంగా నాటిన మొక్కలు, సాళ్ల మధ్య వంగి నిలబడ్డ ఆడవాళ్లు, ఒక్కో మొక్క దగ్గర ఆగి ఆగి సాగుతున్న పని. అది సీడ్ పత్తి. దేశంలో రైతులు దుకాణంలో కొనే సంకర పత్తి విత్తనం పుట్టే చోట్లలో నడిగడ్డ ముఖ్యమైనది. ఆ విత్తనం ఏ యంత్రమూ చేయదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే గుర్తుపట్టి, దాని రేకలతోపాటు పుప్పొడి భాగాన్ని బొటనవేలి గోటితో తీసేయాలి. మర్నాడు పొద్దున వేరే చేల్లోంచి కోసుకొచ్చిన మగపువ్వును దాని కీలాగ్రానికి రుద్దాలి. ఒక్క మగపువ్వుతో నాలుగైదు మొగ్గలకు పని జరుగుతుంది. మొక్క పూస్తున్నన్ని నాళ్లూ ఒక్క రోజు కూడా తప్పకుండా ఇదే చేయాలి. దీన్నే ఇక్కడ క్రాసింగ్ అంటారు. అయిజలో ఈ రెండు మూడు నెలలు మనిషి మాటలోనూ, పెళ్లి ముహూర్తంలోనూ, బుధవారం రాత్రి భోజనంలోనూ క్రాసింగే ముందుంటుంది.

మేం కూర్చునే హోటల్ బస్టాండు నుంచి నడిచి వెళ్లేంత దూరం. రేకుల కప్పు, బయట రెండు బల్లలు, లోపల నాలుగు, ఓ మూల పరదా కట్టిన గది. దాని మీద ఫ్యామిలీ అని రాసి ఉంటుంది. మెనూ కార్డు లేదు. ఓనరు వచ్చి ఇవాళ ఏమున్నాయో చెప్తాడు. నాటుకోడి ఉందా, జూరాల చేప వచ్చిందా, తలకాయ కూర మిగిలిందా అన్నది ఆయన నోటి మీదే. అసలు సంగతి మాత్రం ఆయన చేతిలో లేదు. బయట పొయ్యి ముందు కూర్చున్న అక్క చేతిలో ఉంది. రొట్టెలు ఆమెవి.

ఆమె పని చూడటానికి నేను ప్రతిసారీ కాస్త ముందే వెళ్తాను. జొన్నపిండిలో గోధుమకు ఉన్న జిగురు లేదు. అందుకే వేడినీళ్లు పోసి పిసకాలి, పిండి తాజాగా ఉండాలి. పట్టించి చాలా రోజులైన పిండి అంచుల దగ్గర పగిలిపోతుంది. ముద్దను పలక మీద పెట్టి అరచేత్తో తడుతూ, మరో చేత్తో తిప్పుతూ పోతే చప్పుడుకు ఓ లయ వస్తుంది. రొట్టె పెనం మీద పడ్డాక పైన తడిచెయ్యి రాయడం, తిప్పేయడం, తర్వాత నిప్పుల మీద నిలబెట్టగానే అది పూరీలా పొంగడం. ఇంత పలుచగా ఎట్లా వస్తుందని అడిగితే ఆమె పిండి ముద్ద మీదినుంచి కళ్లెత్తకుండానే, "చిన్నప్పటి సంది తడ్తున్న గద సారూ, చెయ్యికి తెల్సు" అంది.

ఏడున్నరకు ఒక్కొక్కరే వచ్చారు. సీడ్ పత్తి వేసే మిత్రుడు చేలోంచి సూటిగా వచ్చాడు. గోళ్లు పసరుతో నల్లగా ఉన్నాయి. రాజోలి నుంచి వచ్చిన మిత్రుడిది మగ్గం పని. నూలు చీరకు పట్టు అంచు అతికే గద్వాల నేత వాళ్ల ఇంటి విద్య. ఆ నేతకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మూడో అతను రాయచూరులో జిన్నింగ్ మిల్లుకు పత్తి చూసిపెట్టే కమిషన్ మనిషి. కన్నడం, తెలుగు, ఉర్దూ మూడింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తాడు. చివరగా మేడం. ప్రభుత్వ పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్తుంది. పుట్టిల్లు తుంగభద్ర అవతల ఎమ్మిగనూరు వైపు. భర్తతో కలిసి బండి మీద వచ్చి, పరదా గది వైపు చూడకుండా నేరుగా మా బల్ల దగ్గరే కూర్చుంది.

ఓనరు కాస్త తడబడి, "లోపల ఫ్యాను ఉంది మేడం" అన్నాడు.

"ఈడ గాలి ఉంది లేన్నా," అంది ఆమె.

అంతటితో ఆ మాట అయిపోయింది. ఇలాంటి చిన్న ఊళ్లలో రాత్రిపూట హోటల్లో ఆడవాళ్లు నలుగురి మధ్య కూర్చుని తినడం ఇంకా అరుదు. పొయ్యి దగ్గర చేతులు కాల్చుకునేది ఆడమనిషి, పొలంలో మొగ్గలు గిల్లేది ఆడమనిషి, బల్ల దగ్గర మాత్రం అందరూ మగవాళ్లే. మేడం రావడం మొదలుపెట్టాక ఈ మధ్య మరో ఇద్దరు టీచర్లు కూడా వస్తున్నారని రొట్టెల అక్క నాతో సంతోషంగా చెప్పింది. నాకూ అంతే సంతోషంగా అనిపించింది. ఆ పరదా ఎప్పుడో ఒకప్పుడు తీసేయాలి.

పళ్లేలు వచ్చాయి. మెత్తటి జొన్నరొట్టె, నాటుకోడి పులుసు, పుండికూర పప్పు, పల్లీల పొడి, వెల్లుల్లి కారం, చేత్తో పగలగొట్టిన పచ్చి ఉల్లిగడ్డ, గడ్డపెరుగు. జూరాల నుంచి వచ్చిన చేప వేపుడు వేరే ప్లేటులో. 1995లో ప్రారంభమైన జూరాల ప్రాజెక్టు దగ్గర రోడ్డు పక్కన చేపలు వేయించి అమ్మే కొట్లు వెలిశాయి. ఆదివారాల్లో జనం పని గట్టుకుని అక్కడికి పోతారు. ఆ రుచి అయిజ హోటళ్ల దాకా పాకింది. కారం దట్టంగా పట్టించి, నూనెలో పైపొర కరకరలాడేలా తీస్తారు. నాకు మాత్రం రొట్టె, పుండికూర, వెల్లుల్లి కారం చాలు. వేడి రొట్టె తుంచి, కారంలో అద్ది, మీద పెరుగు వేసుకుంటే ముందు నాలుక మండుతుంది, తర్వాత చల్లబడుతుంది, ఆ తర్వాత జొన్న తీపి బయటపడుతుంది. జొన్నకు తీపి ఉందని పట్నంలో తిన్నప్పుడు తెలియదు. అక్కడి పిండి పాతది.

"ఈ జొన్న యాడిదన్నా?" అని ఓనరును అడిగాను.

"రాయచూరు మార్కెట్టుది సార్. మన దిక్కు ఇప్పుడు ఎవరేస్తుండ్రు?"

బల్ల దగ్గర కాసేపు మాట ఆగింది. సీడ్ పత్తి మిత్రుడు చెప్పాడు. వాళ్ల నాయన కాలంలో ఇంట్లో మూడు పూటలా రొట్టె. యాసంగి జొన్న నల్లరేగడిలో మంచు పదునుకే పండేది, నీరు పెట్టాల్సిన పని లేదు. అన్నం పండుగకు వండేవాళ్లు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని ఎవరూ తప్పుపట్టరు, నేనూ పట్టను. దానితో ఇంట్లో రోజూ అన్నం ఉడకడం మొదలైంది, రొట్టె తట్టడం ఒక కష్టమైన పనిగా మారింది. ఆ తర్వాత కాలువలు, బోర్లు, ఎత్తిపోతలు వచ్చాయి. నీళ్లున్న చోట వరి, డబ్బు కావాలనుకున్న చోట సీడ్ పత్తి. జొన్నకు చేను మిగలలేదు. పశువులు కూడా తగ్గాయి గనక చొప్ప అవసరమూ తగ్గింది. పేదవాళ్ల తిండి అని తక్కువగా చూసిన రొట్టె ఇప్పుడు షుగరు ఉన్నవాళ్లకు డాక్టరు చెప్పే తిండి, హోటల్లో అడిగి తినే తిండి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటిస్తే పట్నాల్లో సభలు జరిగాయి. నడిగడ్డలో మాత్రం జొన్నరొట్టె హోటల్ పెనం మీద నిలబడింది. తట్టే చెయ్యి ఈ ఊరిదే, ధాన్యం పక్క రాష్ట్రానిది.

"రేటు ఇస్తే ఏస్తాం గదన్నా," అన్నాడు సీడ్ పత్తి మిత్రుడు. "సీడ్ పత్తిలో రేటు ఉంది, భయం గూడ ఉంది."

భయం ఎక్కడిదో నాకు అతనే గతంలో వివరించాడు. కంపెనీకీ రైతుకీ నడుమ ఆర్గనైజరు ఉంటాడు. పెట్టుబడి అతని దగ్గరే తీసుకోవాలి, విత్తనం అతనికే ఇవ్వాలి. తూకం ప్యాకెట్ల లెక్క. ఒక ప్యాకెట్టంటే 750 గ్రాములు. ఇచ్చిన వెంటనే డబ్బు రాదు. కంపెనీ ఆ విత్తనాన్ని మొలకెత్తించి, మొక్కలు ఎదిగాక కల్తీ ఎంత ఉందో చూస్తుంది. దాన్ని జీఓటీ అంటారు. పాసయితే డబ్బు, ఫెయిలయితే ఆ పంటకు విత్తనం ధర లేదు. ఒక సాయంత్రం నలుగురు కూలీలు రాకపోతే, గిల్లకుండా వదిలేసిన మొగ్గలు తమంతట తామే కాయ కట్టేస్తాయి. ఆ కాయలు కలిశాయా, మొత్తం లాట్ మీద దెబ్బ. అందుకే ఈ కాలంలో ఇక్కడి రైతు కూలీల కోసం తుంగభద్ర దాటి కర్నూలు పల్లెలకు, పడమటికి రాయచూరు పల్లెలకు బండి పంపిస్తాడు. దేశమంతా పత్తి చేలల్లో మొలిచే విత్తనం వెనక ఇంత భయం, ఇన్ని గోళ్ల నొప్పి ఉన్నాయి. ప్యాకెట్ రేటు పెంచమని నడిగడ్డ రైతులు అడిగేది న్యాయమైన మాట. విత్తనం కొనే రైతుకు దొరికే పూచీ, విత్తనం చేసే రైతుకూ దొరకాలి.

రాయచూరు మిత్రుడు మాట మార్చాడు. "నీళ్లెట్లున్నయప్పా?" అది ఇక్కడ క్షేమసమాచారం అడగడం లాంటిదే. తుంగభద్ర మీద, కర్ణాటకలో, రాజోలిబండ ఆనకట్ట ఉంది. అక్కణ్నుంచి బయలుదేరే ఆర్డీఎస్ కాలువ పొడవు సుమారు 143 కిలోమీటర్లు. మొదటి నలభై రెండు కిలోమీటర్లు కర్ణాటకలోనే నడిచి అయిజ మండలం సింధనూరు దగ్గర తెలంగాణలోకి వస్తుంది. లెక్కప్రకారం తెలంగాణ వాటా 15.9 టీఎంసీలు, తడవాల్సినది 87,500 ఎకరాలు. కాగితం మీది నీళ్లు చివరి చేలకు ఏనాడూ సరిగ్గా అందలేదు. అందుకే రాజోలి దగ్గర తుమ్మిళ్ల ఎత్తిపోతలు కట్టారు. అది 2018లో మొదలైంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం పంతొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ బల్ల దగ్గరి వాళ్లంతా, ఏ రాష్ట్రం వాళ్లయినా, ఒకే తీరుగా నిద్రపోలేదట. నది ముగ్గురిదీ మరి.

అప్పుడు మేడం చెప్పిన సంగతి ఈ ప్రయాణంలో నాకు దక్కిన గొప్ప పాఠం. గద్వాల, అలంపురం తాలూకాలు హైదరాబాదు రాజ్యంలో రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956 నవంబరు 1న భాషను బట్టి రాష్ట్రాలు విడదీసినప్పుడు రాయచూరు కన్నడ రాష్ట్రానికి వెళ్లింది, ఈ రెండు తాలూకాలు మహబూబ్‌నగర్‌లో కలిశాయి. తుంగభద్ర అవతలి కర్నూలు అప్పటికి ఆంధ్రరాష్ట్రంలో ఉంది, ఆ రోజు నుంచి అందరిదీ ఒకే ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2న మళ్లీ నదే సరిహద్దయింది. "మా బడి పిల్లలకు పటం గీయిస్తే, మూడు రాష్ట్రాల గీతలు మన ఊరి పక్కనే వస్తయి. ఎందుకు మేడం అని అడుగుతరు," అంది ఆమె. రాజోలి మిత్రుడు 2009 అక్టోబరు వరద గుర్తుచేశాడు. తుంగభద్ర పొంగి రాజోలి మునిగింది, నాగలదిన్నె వంతెన కొట్టుకుపోయింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఎమ్మిగనూరుకు పోవాలంటే చుట్టు తిరగాల్సి వచ్చింది. మేడం పుట్టింటికి వెళ్లడం పండుగలకే పరిమితమైంది. చుట్టరికాలు తెగలేదు గానీ పలచబడ్డాయని ఆమె మాట. కొత్త వంతెన వచ్చాక మళ్లీ పిల్లనిచ్చుకోవడం, పుచ్చుకోవడం మొదలయ్యాయి.

నేను ఆ బల్ల చుట్టూ చూశాను. రాయచూరు జొన్న, జూరాల చేప, నడిగడ్డ చేతి రొట్టె. ఎమ్మిగనూరు ఆడపడుచు, రాజోలి నేతగాడు, రాయచూరు కమిషన్ మనిషి, అయిజ రైతు. కాగితాలు ఎన్నిసార్లు విడదీసినా ఈ నేల కలిసి కూర్చునే చోటు ఇదే. కలవడానికి పెళ్లో చావో రానవసరం లేదు, వారం మధ్యలో ఒక మామూలు రాత్రి చాలు. పండుగనాటి కలయికలో మర్యాద ఎక్కువ, మాట తక్కువ. బుధవారం రాత్రి ఎవరికీ మర్యాదలు లేవు. ఉన్నదల్లా రేపటి పని, ఇవాళ్టి అలసట. అందుకే నిజమైన మాటలు అప్పుడు వస్తాయి. రాజోలి మిత్రుడి కొడుకు మగ్గం మీద కూర్చోనంటున్నాడని, హైదరాబాదులో డెలివరీ పనికి పోయాడని ఆ రాత్రే తెలిసింది. ఎవరూ సలహా చెప్పలేదు. రాయచూరు మిత్రుడు తన ప్లేటులోని చేప ముక్క తీసి అతని ప్లేటులో పెట్టాడు.

తొమ్మిదికి అందరూ లేచారు. క్రాసింగ్ కాలంలో తొమ్మిది దాటి కూర్చునేవాళ్లుండరు. బిల్లు దగ్గరికి నన్ను పోనివ్వలేదు. "ఊరికొచ్చినోనితో పైసలు పెట్టిస్తరా?" అని రైతు మిత్రుడు నా చేయి పట్టి ఆపాడు. ఆ వారం వంతు నేత మిత్రుడిదట. అతనే కట్టాడు, ఇంకెవరినీ కట్టనివ్వలేదు.

పొద్దున బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని గద్వాల బస్సు ఎక్కాను. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, పుట్నాల పొడి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి తాలింపు పెట్టే ఉగ్గాని రాయచూరు, బళ్లారి, కర్నూలు, గద్వాల అన్నిటిదీ. ఎవరిదని తేల్చడానికి ఎవరూ ప్రయత్నించకపోతే మంచిది.

గద్వాలకూ అలంపురానికీ వచ్చేవాళ్లను ఒకటి అడుగుతున్నాను. ఒక్క రాత్రి అయిజలో ఆగండి, అదీ వారం మధ్యలో. ఏ హోటలని వెతకనక్కర్లేదు. సాయంత్రం పొయ్యి ముందు ఒక అక్క కూర్చుని రొట్టెలు తడుతున్న చోట కూర్చోండి. మీతో వచ్చిన ఆడవాళ్లను పరదా గదిలోకి పంపకండి. ఎన్ని రొట్టెలు కావాలో ఏడింటికే చెప్పండి, ఎనిమిది దాటితే పిండి అయిపోతుంది. తిన్నాక ఓనరును ఈ జొన్న ఎక్కడిదని తప్పక అడగండి. పదిమంది అడిగితే, ఈ ఊరి చేల్లో పండిన జొన్న కావాలని ఆయన ఎవరో ఒక రైతుతో ముందుగా రేటు మాట్లాడుకుంటాడు. రైతు మిత్రుడు రెండెకరాల నల్లరేగడి తయారుగా ఉందన్నాడు.